క్యాబిన్ వెనక కిటికీ

లక్సెట్టిపేట,
12 మార్చి 1994

ఇబ్రాహీంకు,

నేను లక్ష్మణ్‌రావును. జానకీ టాకీస్ గోపాల్‌రావు గారి కొడుకుని. ఇరవై ఏళ్ళు గడిచాయి కనుక ఇంత వివరంగా చెప్పుకోవలసి వస్తోంది.

నీ అడ్రసు ముత్యం ఇచ్చాడు. దుబాయి నుంచి వచ్చి మీ కరీంనగర్‌లో ఇల్లు కట్టుకున్న ముత్యం. అతని దగ్గర ఒక జపాన్ రిసీవర్, అంటే స్పీకర్లను నడిపే పెట్టె, అమ్మకానికి ఉందంటే పోయిన వారం చూడబోయాను. "ముందుగాల ఇబ్రాహీం భాయ్‌కి చూపియ్యుండ్రి సార్. ఆయన చెవి పెట్టి విన్నడంటె ఇగ ఫికర్ లేదు" అన్నాడు. ఏ ఇబ్రాహీం అని అడిగాను. "ఎన్కట మీ దిక్కు టాకీసుల ఆపరేటర్‌గ చేసిండట" అన్నాడు. నీ షాపు రెండు వీధుల అవతలే అని తెలిసి కూడా రాలేకపోయాను. బస్సుకు టైమయిందని చెప్పి వచ్చేశాను.

బాపు పోయిన కార్తీకంలో పోయాడు. టాకీసు అంతకు మూడేళ్ళ ముందే మూతబడింది. వీడియోలు వచ్చాక మ్యాట్నీకి పదిమంది వచ్చేవారు, ఇద్దరు ఇంటర్వెల్‌లోనే వెళ్ళిపోయేవారు. ఇప్పుడు అందులో ఎరువుల బస్తాలు పెడుతున్నారు.

ఇంట్లో బాపు కూర్చునే పెద్ద గది ఖాళీగా ఉంది. అందులో పెద్ద టీవీ, వీసీఆర్ పెట్టి, చుట్టూ స్పీకర్లు కట్టి, ఇంటి మటుకు ఒక టాకీసు చేసుకుందామని ఆలోచన. ఇప్పుడు ముందు నుంచే కాక వెనక నుంచి కూడా శబ్దం వచ్చే రిసీవర్లు వచ్చాయి కదా. ముత్యం దగ్గరున్నది పాతది, నల్లగా దిమ్మెలా ఉంది. హైదరాబాద్‌లో ఒకాయన కొత్తది చూపించాడు, సన్నగా ఉంది, బోలెడు లైట్లు, వెయ్యి వాట్లట. ఏది తీసుకోవాలో నువ్వు చెప్పు.

మీ అమ్మగారు బాగున్నారా?

లక్ష్మణ్‌రావు


కరీంనగర్,
27 మార్చి 1994

లక్ష్మణ్‌రావు దొరవారికి,

ఇబ్రాహీం సలాములు. జాబు అందింది. పెద్దదొర పోయిన సంగతి నాకు తెలియదు. విచారించాను.

అడిగిన విషయం. హైదరాబాద్ పెట్టె వద్దు. వెయ్యి వాట్లని డబ్బా మీద ఎవరైనా రాసుకోవచ్చు. రెండు పెట్టెల్నీ చేత్తో లేపి చూడండి, బరువున్నది కొనండి. లోపల ట్రాన్స్‌ఫార్మర్ పెద్దదై, వేడిని బయటికి వదిలే అల్యూమినియం రెక్కలు మందంగా ఉంటేనే పెట్టె బరువు తూగుతుంది. లైట్లకు బరువుండదు.

ముత్యం దగ్గరున్నదాన్ని నిన్న షాపుకు తెప్పించి రెండు గంటలు నడిపాను. ముందు మూడు, వెనక రెండు, స్పీకర్లకు పోయే ఐదు దారులూ సరిగా పలుకుతున్నాయి. అమ్మేవాళ్ళు ఎప్పుడూ గట్టిగా పెట్టి వినిపిస్తారు. నేను మెల్లగా పెట్టి విన్నాను. పాడే మనిషి ఊపిరి తీసుకోవడం వినబడింది. మంచి పెట్టె. వెనకనున్న వోల్టేజి మీటను మన కరెంటుకు తిప్పి టేపు అంటించాను, ఎవరినీ ముట్టనివ్వకండి. మీ ఊరి కరెంటు సంగతి నాకు తెలుసు, స్టెబిలైజర్ లేకుండా పెట్టవద్దు.

ఇంకొకటి. దాని నెత్తి మీద ఏదీ ఉంచకండి. వీసీఆర్ కాదు, పూలగిన్నె కాదు, గుడ్డముక్క కూడా కాదు.

అమ్మ బాగానే ఉంది.

ఇబ్రాహీం


లక్సెట్టిపేట,
9 మే 1994

ఇబ్రాహీం,

నువ్వు చెప్పిన పెట్టే తీసుకున్నాను. మొదటిరోజు విన్నప్పుడు వెనక స్పీకరులో గుర్రబ్బండి పోతే మా లీలాబాయి లేచి తలుపు దాకా పోయింది. లీలాబాయి నా భార్య. నువ్వున్నప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు.

కానీ ఇప్పుడొక పరేషాన్ వచ్చింది. నలభై నిమిషాలు నడవగానే ఎర్రదీపం వెలిగి పెట్టె ఆగిపోతోంది. రెండు గంటలు వదిలేస్తే మళ్ళీ పలుకుతుంది. లీలాబాయి వడ్రంగి పర్శరాములుతో దానికొక టేకు షోకేసు చేయించింది. ముందు అద్దాల తలుపులు, వెనక గట్టి చెక్క. "గంత సామాను బయట పెడితె దుమ్ము పట్టదా?" అని ఆమె వాదం. ఎండలు ఎలా ఉన్నాయో నీకు తెలుసు. కూలర్ తెచ్చి ఎదురుగా పెట్టాను. అద్దాలకు చెమట పట్టింది తప్ప పెట్టె చల్లబడలేదు. ఏం చేయాలి?

అది ఆగిపోయినప్పుడల్లా ఆ గదిలో చీకట్లో కూర్చుని పాత సంగతులు తలుచుకుంటున్నాను. అరవైతొమ్మిదిలో టాకీసు తెరిచిన వారం గుర్తుందా? రీలు తెగితే అతకడం నువ్వు రెండు రోజుల్లో నేర్చుకున్నావు, నాకు రెండు నెలలు పట్టింది. శబ్దం వెంట్రుకవాసి తగ్గినా, కింద టీ తాగుతున్నవాడివి గ్లాసు వదిలేసి మెట్లెక్కేవాడివి. ఒకసారి ఏడో రీలు మంచిర్యాల నుంచి రావలసింది రాలేదు. జనం ఈలలు, కుర్చీల చప్పుడు. నువ్వు మైకు తీసుకుని, "జర ఓపిక పట్టుండ్రి, హీరో మంచిర్యాల దాటిండు, బస్సుల కూసున్నడు" అన్నావు. హాలంతా ఒకటే నవ్వు. బాపు కూడా నవ్వాడు. బాపు నవ్వడం నేను చూసింది తక్కువ.

ఆడవాళ్ళ గేటు దగ్గర టికెట్లు చింపే ఐలవ్వ ఇంకా ఉంది. మన వీధిలోనే. నీకు రాస్తున్నానంటే, "ఎట్ల ఉన్నడట? పెండ్లాం పిల్లలు మంచిగున్నరా?" అని అడిగింది.

లక్ష్మణ్‌రావు


కరీంనగర్,
22 మే 1994

దొరవారికి సలాములు.

పెట్టెకు జబ్బు లేదు. వేడి హద్దు దాటితే కాలిపోకుండా తనను తానే ఆపుకుంటోంది. అలా ఆగినందుకు సంతోషించండి.

షోకేసు అద్దాల తలుపులు ఊడదీయించండి. దొరసాని గారు ఒప్పుకోకపోతే పెట్టె నడిచినంతసేపైనా తెరిచి ఉంచండి. వెనక చెక్కను పూర్తిగా తీసేయాలి, రంధ్రాలు చేస్తే సరిపోదు. పెట్టెకు పైన జానెడు, పక్కలకు నాలుగేసి అంగుళాలు ఖాళీ ఉండాలి. గోడకు ఆనించవద్దు. వేడిగాలి పైకి పోతుంది కాబట్టి పైభాగాన, వెనకవైపు ఒక చిన్న ఫ్యాను బిగించి గాలిని బయటికి లాగేలా పెట్టించండి. లోపలికి ఊదేలా వద్దు. కూలర్ అసలే వద్దు, ఆ తడిగాలి లోపల తుప్పు పట్టిస్తుంది. మీరు రాయలేదు కానీ, ముందు స్పీకర్లకు టాకీసు పాతవి కూడా కలిపి ఒక్కో తీగకు రెండేసి కట్టి ఉంటారని నా అనుమానం. తీసేయండి. ఆ పెట్టె అంత భారం మోయలేదు.

మీ జాబు మక్సూదాకు చదివి వినిపించాను. నా ఇంటామె. హీరో బస్సు సంగతి విని చాలాసేపు నవ్వింది. నేను ఎప్పుడూ ఆమెకు టాకీసు సంగతులు చెప్పలేదు.

మన పాత వాల్వుల యాంప్లిఫైయరుకు ఇలా ఆగిపోయే తెలివి ఉండి ఉంటే బాగుండేది. మీకు కోపం రాకపోతే ఒక మాట రాస్తాను. అమ్మ పొద్దున జొన్నరొట్టెలు సత్తుగిన్నెలో పెట్టి, తన పాత ఓణీ ముక్కతో మూటగట్టి ఇచ్చేది. దాన్ని యాంప్లిఫైయర్ పైనున్న ఇనుప జాలీ మీద పెడితే మధ్యాహ్నానికి పొయ్యి మీంచి తీసినట్టుండేవి. ఐదేళ్ళు అలాగే పెట్టాను. ఏమీ కాలేదు. ఆ రోజు మాత్రం ఆ గుడ్డ అంటుకుంది. పెద్దదొర అందరి ముందు "నీ రొట్టెలు నా టాకీసును కాలబెట్టినై" అన్నాడు. అన్నది నిజమే. జనం తోపులాటలో ఐలవ్వ చెయ్యి విరిగిందని తర్వాత తెలిసింది. ఆమె నా క్షేమం అడిగిందని రాశారు. ఆ వాక్యం దగ్గర జాబు మూసి కాసేపు బయట నిలబడ్డాను.

షాపుకొచ్చే ప్రతివారికీ "నెత్తి మీద గుడ్డ కప్పకండి" అని చెబుతాను. విసుక్కుంటారు. పోనీ.

ఇబ్రాహీం


లక్సెట్టిపేట,
18 జూన్ 1994

ఇబ్రాహీం,

నువ్వు చెప్పినట్టే చేయించాను. వెనక చెక్క తీశాక పెట్టె మూడు గంటలు ఆగకుండా నడిచింది. నువ్వన్నట్టే స్పీకర్లు రెండేసి కట్టి ఉన్నాయి. ఇక్కడికి మామూలు ఉత్తరం అయిపోయింది.

నీ గుడ్డ అంటుకోలేదు.

ఈ ఒక్క వాక్యం రాయడానికి నీ జాబు వచ్చిన దగ్గరనుంచి ఇన్నాళ్ళు పట్టింది. నువ్వు ఇరవై ఏళ్ళుగా అలా అనుకుంటున్నావని నాకు తెలియదు. బాపు అన్న మాటను నువ్వు పడ్డావనుకున్నాను కానీ నమ్మావనుకోలేదు.

ఆ రోజు ఆషాఢం వాన. మ్యాట్నీ నడుస్తోంది. రీలు ఎక్కించి, అది తిరుగుతుండగా నువ్వు మంచిర్యాల బస్సులో వచ్చే రీళ్ళ పెట్టె తెచ్చుకోవడానికి పరుగున పోయావు. నేను వచ్చే వారం పోస్టర్లు తీసుకుని వెనక మెట్ల మీంచి ప్రొజెక్టర్ క్యాబిన్‌లోకి వచ్చాను. ఎవరూ లేరు. వెనక కిటికీలోంచి వానజల్లు లోపలికి కొడుతోంది, పోస్టర్ల అంచులు అప్పటికే తడిశాయి. గాలిని బయటికి లాగే ఫ్యాను ఆపి, కిటికీ మూశాను. పోస్టర్లు ఎక్కడ ఆరబెట్టాలా అని చూశాను. యాంప్లిఫైయర్ మీద నీ రొట్టెల మూట ఉంది. నువ్వు రోజూ అక్కడ పెడతావు కదా, వెచ్చగా ఉంటుందని నాకూ తెలుసు. మూట తీసి బెంచీ మీద పెట్టి, ఆ జాలీ మీద పోస్టర్ల చుట్టలు పరిచాను. అన్నీ పరిచాను. తర్వాత భోజనానికి ఇంటికి పోయాను. నేను వచ్చిందీ పోయిందీ ఎవరూ చూడలేదు.

సగం తిన్నానో లేదో, కేకలు వినపడ్డాయి. నేను వచ్చేసరికి జనం బయటికి తోసుకొస్తున్నారు. ఐలవ్వ గేటు రెక్కను పట్టుకుని ఆడవాళ్ళను బయటికి పంపుతోంది. నువ్వు పొగలోంచి రీళ్ళు గుండెకు పట్టుకుని దిగావు. నీ అరచేతులు చూశాను. బాపు ఆ మాట అన్నప్పుడు నేను స్తంభం పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. రేపు చెబుదామనుకున్నాను. మరునాడు పొద్దుటి బస్సుకే మీ అమ్మను తీసుకుని నువ్వు వెళ్ళిపోయావు.

నాకు రిసీవర్ నిజంగానే కావాలి. కానీ ముత్యం నీ పేరు చెప్పకపోయి ఉంటే హైదరాబాద్‌దే కొని ఉండేవాణ్ణి.

ఇంకేం రాయాలో తెలియదు.

లక్ష్మణ్‌రావు


లక్సెట్టిపేట,
25 జూలై 1994
(పోస్టుకార్డు)

ఇబ్రాహీం, జూన్ పద్దెనిమిదిన ఒక జాబు రాశాను. అందిందో లేదో. అంది ఉంటే, తిట్టయినా రాయి. పెట్టె నడపడం లేదు. నడపబుద్ధి కావడం లేదు.

ల.రావు


కరీంనగర్,
4 సెప్టెంబర్ 1994

లక్ష్మణ్‌రావుకు,

నీ జాబు అందింది. జవాబు మూడుసార్లు రాసి చింపాను. దొరవారికి అని మొదలుపెడితే చెయ్యి సాగలేదు, అందుకని తీసేశాను. ఇక నుంచి నువ్వు అనే రాస్తాను.

చేతులు కాలినందుకు నాకు బాధ లేదు. ఆరు నెలల్లో తగ్గాయి. ఏ టాకీసులోనూ పని దొరకలేదు, రేడియో పని నేర్చుకున్నాను, దాంతోనే బతికాను. అదీ పోనీ. మా అమ్మ సంగతి చెబుతాను విను.

ఆ మాట అమ్మ దాకా వచ్చింది. "రొట్టెలు కాలబెట్టినై" అన్న మాట. రొట్టెలు చేసింది ఎవరు? మూటగట్టింది ఎవరు? ఆ గుడ్డ ఎవరిది? ఆ సాయంత్రం నేను ఇంటికి వచ్చినప్పుడు నా చేతులకు కట్లు చూసి అమ్మ ఏడవలేదు. గోడ వైపు తిరిగి కూర్చుంది. "నా చేతులతోని నేనే నా కొడుకు బతుకు కాలబెట్టిన" అంది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో నాకు ఒక్కరోజు కూడా రొట్టె మూటగట్టి ఇవ్వలేదు. షాపు నుంచి ఇంటికి నడిచి వచ్చి తినాలి. పెళ్ళయిన కొత్తలో మక్సూదా తెలియక గుడ్డలో కట్టి పంపబోతే, ఆమె చేతిలోంచి అమ్మ లాక్కుని పడేసింది. తర్వాత ఆ పిల్లను పట్టుకుని ఏడ్చింది. మక్సూదాకు కారణం నేను చెప్పలేదు. ఏమని చెప్పను?

పెద్దదొర పోయేదాకా ఆగావు నువ్వు. ఆయన ఉండగా చెప్పలేకపోయావు. ఆయన లేనందుకు ఇప్పుడు ధైర్యం వచ్చింది. ఆ సంగతి నీ జాబులో రాయలేదు, నేను రాస్తున్నాను.

నాకు చెప్పడం తేలిక. నేను దూరంగా ఉన్నాను, కాగితం మీద ఉన్నాను. మా అమ్మకు చెప్పు. నేను ఆమెకు ఇంకా ఏమీ చెప్పలేదు, చెప్పను కూడా. చేసినవాడివి నువ్వు. నీ నోటితో చెప్పాలి.

ఇబ్రాహీం


లక్సెట్టిపేట,
25 సెప్టెంబర్ 1994

ఇబ్రాహీం భాయ్,

నువ్వు రాసిందంతా నిజం. బాపు విషయం కూడా.

నేను రావాలనే అనుకుంటున్నాను. అయితే ఇక్కడ మక్కజొన్న పంట ఇంటికి వచ్చే రోజులు, కూలీల దగ్గర నేను లేకపోతే కుదరదు. లీలాబాయికి కూడా నడుము నొప్పి. అదీకాక ఆ పెద్దామె ఎదుట నిలబడితే నాకు మాట సరిగా రాదేమోనని భయం. అందుకని ఆమెకు చెప్పవలసిందంతా విడిగా ఒక కాగితం మీద రాసి ఇందులో పెడుతున్నాను. నువ్వు గానీ మక్సూదా గానీ చదివి వినిపిస్తే, దసరా వెళ్ళాక తీరికగా నేనే వస్తాను.

లక్ష్మణ్‌రావు


కరీంనగర్,
3 అక్టోబర్ 1994

లక్ష్మణ్‌రావుకు,

నీ రెండో కాగితం తిప్పి పంపుతున్నాను. లక్సెట్టిపేట నుంచి కరీంనగర్‌కు పొద్దున్నుంచి సాయంత్రం దాకా బస్సులున్నాయి. అమ్మ ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుంది. నువ్వు వచ్చిన రోజు నేను ఉండను.

ఇబ్రాహీం


లక్సెట్టిపేట,
30 అక్టోబర్ 1994

ఇబ్రాహీం భాయ్,

మొన్న గురువారం వచ్చాను. నువ్వు లేవు. లేకపోవడమే మంచిదయింది. అక్కడ ఏం జరిగిందో నువ్వు నా చేతిరాతలోనే చదవాలి, కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

బయలుదేరేముందు లీలాబాయికి చెప్పాను. "ఇన్నొద్దులు నా పక్కకే ఉండి ఇది కడుపుల పెట్టుకున్నవా?" అంది. తర్వాత ఐలవ్వ ఇంటికి పోయాను. ఆమె తన వంకర చెయ్యి వైపు చూసుకుంది. "గా పిల్లగాన్ని ఎన్నిమాట్ల తిట్టుకున్ననో దొరా. చెయ్యి గుంజినప్పుడల్ల తిట్టుకున్న" అంది. నేను ఏదో అనబోతే, "నా దగ్గర ఏం నిలబడ్డవ్, ముందుగాల ఆ తల్లి దగ్గరికి పో" అని పంపింది.

మీ ఇంట్లో మక్సూదా తలుపు తీసింది. అమ్మ మంచం మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. నేనెవరో చెప్పాను. "గోపాల్‌రావు దొర కొడుకువా? కూసో" అంది. నేను కూర్చోకుండానే చెప్పాను. బస్సులో అనుకున్నవేవీ గుర్తు రాలేదు. కిటికీ మూశాను, మూట తీశాను, పోస్టర్లు పెట్టాను, నోరు మూసుకున్నాను, అంతే చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూనే ఉంది. ఆమెకు వినబడలేదేమో అనుకున్నాను.

తల ఎత్తకుండానే, "గప్పుడు నీకు ఎన్నేండ్లు బిడ్డా?" అంది.

"ఇరవై నాలుగు."

"మావోనికి ఇరవై రెండు."

మళ్ళీ బియ్యంలో చెయ్యి పెట్టింది. వేళ్ళు కదలడం లేదు.

"రొట్టెల గిన్నె యాడ పెట్టినవ్?"

"బెంచీ మీద పెట్టినమ్మా."

"మిషిని మీద లేకుండె?"

"లేకుండె."

"సరిగ్గ యాదికి చేస్కో. లేకుండెనా?"

"నా చేతులతోనే తీసి పెట్టిన. మిషిని మీద లేకుండె."

ఆమె మక్సూదా వైపు తిరిగి ఉర్దూలో ఆ ఒక్క మాటే రెండుసార్లు చెప్పింది, బెంచీ మీద ఉండెనట, బెంచీ మీద ఉండెనట అని. కొంగు ముఖం మీదికి లాక్కుంది. చాట పక్కకు ఒరిగి బియ్యమంతా కింద పోయాయి. మక్సూదా ఎత్తబోతే వద్దంది. నేను కింద కూర్చుని ఎత్తాను. నాకు వేరే పని ఏదీ తోచలేదు.

లేవబోతుంటే అంది. "నిన్ను తిట్టను బిడ్డా. తిట్టేటంత తాకతు లేదు నాకు. గని, మీ అయ్య మావోన్ని అన్నది పదిమంది ముందల. నువ్వు నా ఒక్కదాని చెవుల చెప్తె సరిపోతదా?"

నేను దారంతా దాని గురించే ఆలోచించాను. వంతెన దాటేటప్పుడు నిర్ణయించుకున్నాను. నవంబర్ ఇరవైన, ఆదివారం మధ్యాహ్నం, మా గదిలో మొదటి ఆట వేస్తాను. టాకీసులో పనిచేసినవాళ్ళందరినీ, ఆ రోజు హాల్లో ఉన్నవాళ్ళలో మిగిలినవాళ్ళనీ పిలుస్తున్నాను. ఆట మొదలుకాకముందే చెబుతాను. అమ్మను తీసుకుని నువ్వు రావాలి. రాకపోయినా చెబుతాను.

లక్ష్మణ్


కరీంనగర్,
11 డిసెంబర్ 1994

లక్ష్మణ్,

క్షేమంగా చేరాం. బస్సు కుదుపులకు అమ్మ మోకాళ్ళు వారం రోజులు నొప్పి పెట్టాయి. అయినా గల్లీలో ప్రతి గడపకూ పోయి చెప్పి వస్తోంది. "మా ఇబ్రాహీం తప్పు లేకుండె" అని మొదలుపెట్టి, మీ ఇంటి భోజనం దగ్గర ముగిస్తోంది. లీలాబాయి గారు పెట్టిన పచ్చిపులుసు గురించి కూడా చెబుతోంది.

ఆ రోజు నేను నీ ముఖం చూడలేదు. నేల వైపు చూస్తూ కూర్చున్నాను. నువ్వు కాగితం మడిచి జేబులో పెట్టుకోవడం వినబడింది. నువ్వు చెప్పడం మొదలుపెట్టగానే వెనక నుంచి ఐలవ్వ, "జర గట్టిగ చెప్పు దొరా, ఎనకకు ఇనొస్తలేదు" అని కేకేసింది. నువ్వు మళ్ళీ మొదటి నుంచీ చెప్పావు, గట్టిగా. మగవాళ్ళ గేటు చూసినాయన కొడుకు, బుకింగ్‌లో కూర్చునే ముసలాయన, అందరూ నా వైపు తిరిగి చూశారు. ఇరవై ఏళ్ళ కింద కూడా ఇలాగే అందరూ తిరిగి చూశారు. అప్పుడు తల దించుకున్నాను, ఈసారీ దించుకునే ఉన్నాను. అమ్మ మోచేత్తో పొడిచి, "తల పైకెత్తు" అంది. ఎత్తాను.

ఆట సంగతి. నీకు తెలియదు, నేను ఎవరికీ చెప్పలేదు. ఐదేళ్ళలో ఎన్ని బొమ్మలు వేశానో లెక్క లేదు కానీ, ఒక్కటి కూడా కుర్చీలో కూర్చుని చూడలేదు. క్యాబిన్ గోడకున్న చేతివెడల్పు రంధ్రంలోంచి చూశాను. మిషను చప్పుడులో సగం మాటలు వినబడేవి కావు, పెదవులను బట్టి తెలుసుకునేవాణ్ణి. ఆ రోజు నీ గదిలో మొదటిసారి నా చుట్టూ జనం నవ్వడం విన్నాను. పక్కన అమ్మ ఏడుస్తుంటే విన్నాను, తెరలో ఆడమనిషి ఏడవకముందే ఏడవడం మొదలుపెట్టింది. ఇంటర్వెల్‌లో పోయి పెట్టె మీద అరచెయ్యి పెట్టి చూశాను. జ్వరం లేని ఒళ్ళంత వెచ్చగా ఉంది. బాగుంది. ఫ్యానుకు నెలకోసారి దుమ్ము తుడిపించు.

బస్టాండులో నన్ను ఒక మాట అడిగావు, మాఫ్ చేశానా అని. బస్సు వచ్చింది, నేను ఎక్కేశాను. బస్సు రాకపోయినా జవాబు చెప్పేవాణ్ణి కాదు. ఇప్పటికీ తెలియదు. కొన్ని పొద్దుల్లో లేస్తూనే కోపం ఉంటుంది, మధ్యాహ్నానికి పోతుంది. కొన్ని రోజులు అసలు గుర్తుండదు. అబద్ధం రాయడం ఇష్టం లేక ఇలా రాస్తున్నాను. నువ్వు వచ్చే నెల కరీంనగర్ వస్తే షాపుకు రా, ఈసారి బస్సు టైమయిందని పోవద్దు.

మొన్న మంగళవారం ఒకటి జరిగింది. ఇక్కడొక టాకీసు వాళ్ళు ఎప్పుడు యాంప్లిఫైయర్ పాడైనా నా దగ్గరికే పంపుతారు. ఊడదీసి షాపుకు తెమ్మంటాను, బాగుచేసి ఇస్తాను. ఇరవై ఏళ్ళుగా ఏ క్యాబినూ ఎక్కలేదు. మొన్న కూడా మనిషిని పంపారు, ఈసారి ఊడదీయడం కుదరదు, అక్కడికే రావాలన్నారు. మామూలుగా అయితే రానని చెప్పేవాణ్ణి. సంచీ తీసుకుని పోయాను.

మెట్లు ఇనుపవి, నిటారుగా ఉన్నాయి. సగంలో ఒకసారి ఆగాను. పైనుంచి మిషను తిరిగే చప్పుడు వస్తోంది, అదే చప్పుడు. తలుపు తోశాను. లోపల నా వయసువాడే ఒకతను రీలు ఎక్కిస్తున్నాడు. ఇటు తిరగకుండానే, "ఎవరు కావాలె? గిట్ల లోపలికి రావద్దు, ఆపరేటర్లు తప్ప" అన్నాడు.

"నేను ఆపరేటర్‌నే" అన్నాను.

అతను కొంచెం పక్కకు జరిగి చోటిచ్చాడు.

ఇబ్రాహీం